రొంప, చెవిపోటు, వంటింటి మందు: దిగువ కృష్ణా డెల్టాలో గృహవైద్య భద్రత - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాల తెలుగు ఇళ్ళలో రొంపకు, చెవిపోటుకు చేసుకొనే గృహవైద్యానికి దీర్ఘమైన చరిత్ర ఉంది. ఈ వైద్యం ఒక్కచోట పుట్టినది కాదు. ఆయుర్వేద గ్రంథాలు, బందరు రేవు వాణిజ్యం, 19వ శతాబ్ది ముద్రణ, 20వ శతాబ్ది పత్రికా ప్రకటన - ఈ నాలుగు దారుల్లో అది వంటింటికి చేరింది. ఆ ప్రయాణంలో మందు పేరు నిలిచింది. మోతాదు, వయస్సు, నిషేధం అనే మూడు నియమాలు సడలిపోయాయి. గృహవైద్యపు భద్రతను నిర్ణయించేవి ఈ మూడు నియమాలేనని ప్రతిపాదించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: గృహవైద్యం, రొంప, చెవిపోటు, కర్ణపూరణం, కర్పూరం, అమృతాంజనం, మచిలీపట్నం, దివిసీమ.

1. ఉపోద్ఘాతం

పసిపిల్లకు నలుగు పెట్టి నీళ్ళు పోసే ముందు మాడుకు నూనె అద్ది, ఆ చేత్తోనే చెవుల్లో, ముక్కులో చెరొక చుక్క వేయడం కోస్తా ఇళ్ళలో నిన్నమొన్నటిదాకా సర్వసాధారణం. స్నానం తరువాత సాంబ్రాణి పొగ, రొంప పట్టిన నాడు వాము మూట, చెవిపోటు వచ్చిన రాత్రి వెల్లుల్లి రేకులు కాచిన నువ్వులనూనె. ఈ వ్యాసకర్త బాల్యమూ ఇలాగే గడిచింది. వీటిని చేసిన అమ్మమ్మలు, నాయనమ్మలు అజ్ఞానులు కారు. వైద్యుడు అందుబాటులో లేని కాలంలో, ఏడుస్తున్న బిడ్డను ఒళ్ళో పెట్టుకొని తెల్లవార్లూ కూర్చున్నవారు వారే.

గృహవైద్యంపై మన రచనలు ఎక్కువగా రెండు అంచుల్లో నిలుస్తున్నాయి. పెద్దలు చెప్పినదంతా నిరపాయమన్నది ఒకటి. అదంతా మూఢనమ్మకమన్నది మరొకటి. ఈ రెండింటికీ చరిత్ర అవసరం లేదు. ఏ మందు ఎక్కడి నుంచి వచ్చింది, ఏ నియమాలతో వచ్చింది, ఆ నియమాలు ఎక్కడ జారిపోయాయి అని అడిగినప్పుడే చరిత్ర అవసరమవుతుంది. ఈ ప్రశ్నకు ఎదురుగా ఉన్నది పసిబిడ్డ వినికిడి. వినికిడి పోతే మాట ఆగుతుంది. మాట ఆగితే చదువు ఆగుతుంది. అందుకే ఇది వైద్యులకు మాత్రమే పరిమితమైన విషయం కాదు, భాషాసాహిత్య విద్యార్థులకూ సంబంధించిన విషయమే.

2. మాటల్లో నిలిచిన వైద్యం

జలుబును తెలుగువారు అనేక పేర్లతో పిలుస్తారు. పడిశం, జలుబు, రొంప అన్నవి వాటిలో ప్రసిద్ధమైనవి. కోస్తా వాడుకలో 'రొంప' బాగా వినిపిస్తుంది. చెవి విషయంలో చెవిపోటు, చెవి కారడం, చెవిలో హోరు, చెవుడు అనే మాటలు వేర్వేరు స్థితులను చెబుతాయి. నొప్పి వేరు, చీము కారడం వేరు, వినపడకపోవడం వేరు అన్న ఎరుక జనవ్యవహారంలోనే ఉందన్నమాట. చిత్రమేమంటే, పేర్లలో ఉన్న ఈ భేదం చికిత్సలో కనిపించదు. నొప్పికీ నూనె చుక్కే. కారుతున్న చెవికీ నూనె చుక్కే. గులిమి గట్టిపడినా నూనె చుక్కే.

సామెతలు కూడా సాక్ష్యం చెబుతాయి. 'పడిశం పది రోగాల పెట్టు' అన్న సామెత చిన్న జబ్బును తేలికగా తీసుకోవద్దని హెచ్చరిస్తుంది. పడిశం మందు వాడితే వారంలో, వాడకపోతే ఏడు రోజుల్లో తగ్గుతుందన్న చమత్కారం దీనికి పూర్తిగా ఎదురు నిలిచే మాట. రెండూ నిజమే. జలుబు చాలావరకు వైరస్ వల్ల వచ్చి తనంతట తానే తగ్గే జబ్బు. అయితే గొంతు వెనుక భాగాన్ని మధ్యచెవితో కలిపే సన్నని గొట్టం పిల్లల్లో పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. ముక్కులోని వాపు, స్రావం ఆ గొట్టాన్ని మూసివేస్తే మధ్యచెవిలో నీరు చేరి, చీము పట్టి, కర్ణభేరి చిల్లుపడే అవకాశం ఉంది. పది రోగాల పెట్టు అనడంలోని అంతరార్థం ఇదే.

రెండవ చమత్కారంలో పరిశోధకులు గమనించవలసిన తర్కం ఉంది. తనంతట తగ్గే జబ్బుకు ఏ మందు వేసినా, తగ్గిన కీర్తి ఆ మందుకే దక్కుతుంది. పిల్లల చెవిపోటు కూడా అధికభాగం రెండు మూడు రోజుల్లో శాంతించేదే. కాబట్టి వేసిన నూనె పనిచేసిందన్న నమ్మకం ప్రతి ఇంటా అనుభవంతోనే బలపడుతుంది. తగ్గని బిడ్డ విషయంలో మాత్రం ఆ అనుభవమే ఆలస్యానికి కారణమవుతుంది.

3. గ్రంథం నుంచి వంటింటికి

చెవిలో తైలం పోయడం ఆయుర్వేదంలో 'కర్ణపూరణం' అనే పేరుతో ఉన్న ప్రక్రియ. సుశ్రుత సంహిత ఉత్తరతంత్రం కర్ణరోగాలను 28గా, నాసారోగాలను 31గా లెక్కించింది. ఈ సంఖ్యలకున్న ప్రాముఖ్యం విభజన దృష్టిలో ఉంది. కర్ణశూల, కర్ణనాదం, బాధిర్యం, కర్ణస్రావం, పూతికర్ణం, కృమికర్ణం అని గ్రంథకర్త రోగాన్ని వేరుచేసిన తరువాతే చికిత్సకు వచ్చాడు. చెవి కారే రోగాల్లో పూరణంతోపాటు చెవిని తుడిచి శుభ్రపరచడం, కడగడం, ధూపం వేయడం కూడా చెప్పాడు. అంటే గ్రంథంలో తైలం ఒక క్రమంలో భాగం. వంటింట్లో తైలమే మొత్తం చికిత్స.

జిల్లేడు విషయమూ ఇటువంటిదే. పండిన జిల్లేడాకుకు నెయ్యి రాసి, వెచ్చచేసి, పిండిన రసాన్ని చెవిపోటుకు వాడడం ఆయుర్వేద సంప్రదాయంలో ఉన్నదే. ఆకు పండినదై ఉండాలి, నిప్పు తగలాలి అన్నవి ఆ యోగంలోని షరతులు. పచ్చి ఆకు తుంచితే వచ్చే పాలు చర్మాన్ని మండిస్తాయి. కంట్లో పడితే నల్లగుడ్డును దెబ్బతీస్తాయి. షరతు మరచి ఆకును మాత్రమే గుర్తుంచుకుంటే మందు విషంగా మారుతుంది.

ఈ మరపు ముద్రణకాలంలో మరింత పెరిగిందని చెప్పవచ్చు. తెలుగునాట బసవరాజీయం వంటి గ్రంథాలు రోగాన్ని ముందు పెట్టి, లక్షణం చెప్పి, తరువాత యోగాన్ని వివరించే పద్ధతిలో నడిచాయి. వాటిని చదివేవాడు వైద్యుడు. 19వ శతాబ్ది చివరి పాదంలో ప్రచారంలోకి వచ్చిన వస్తుగుణదీపిక వంటి గ్రంథాలు వస్తువును ముందు పెట్టాయి. శొంఠి గుణమేమిటి, వస గుణమేమిటి అని గృహస్థుడు స్వయంగా వెతికి చూసుకొనే వీలు కలిగింది. జ్ఞానం ప్రజలకు చేరింది. ఇది గొప్ప మేలు. కాని వస్తువు నుంచి మొదలుపెట్టిన పాఠకుడికి రోగనిర్ణయం అనే మెట్టు తప్పిపోయింది. 'శొంఠి లేని కషాయం ఉందా' అన్న సామెత ధోరణి కూడా ఇదే.

4. బందరు రేవు, పోపులపెట్టె

గృహవైద్యాన్ని 'మన పెరటి వైద్యం' అనడం పరిపాటి. తులసి, తుమ్మి, వాము, అల్లం విషయంలో ఇది నిజమే. రొంపకు వాడే లవంగం, కర్పూరం విషయంలో మాత్రం చరిత్ర వేరు. 17వ శతాబ్ది ఆరంభంలో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు మచిలీపట్నం రేవులో వర్తకస్థానాలు నెలకొల్పారు. బందరు పరిసరాల అద్దకపు వస్త్రాలు తూర్పు దీవులకు వెళ్ళగా, అక్కడి సుగంధద్రవ్యాలు తిరుగు ఓడల్లో వచ్చేవి. లవంగం మొలక్కా దీవులది. మేలైన కర్పూరం బోర్నియో, సుమత్రా అడవులది. ఈ సరకులు ఐరోపావారి రాకకు ముందునుంచే ఈ తీరానికి తెలిసినవి. రేవు వాణిజ్యం వాటి రాకపోకలను పెంచింది. మన పోపులపెట్టెలోని ఒక్కొక్క అరకు సముద్రయానం ఉంది.

భద్రత దృష్ట్యా కర్పూరం కథ ప్రత్యేకంగా చెప్పుకోదగినది. బోర్నియో చెట్టునుంచి వచ్చే పచ్చకర్పూరం, తూర్పాసియా కర్పూర వృక్షాన్నుంచి తీసే కర్పూరం రసాయనికంగా ఒకటి కావు. 20వ శతాబ్దిలో టర్పెంటైన్ నుంచి కర్పూరాన్ని కృత్రిమంగా తయారుచేసే పరిశ్రమ పెరిగింది. నేటి హారతి కర్పూరం చాలావరకు ఆ కోవకే చెందుతుంది. ద్రవ్యం మారింది, పేరు మారలేదు. ప్రసాదంలో చిటికెడు పచ్చకర్పూరం వేసే అలవాటు వల్ల కర్పూరమంటే తినదగినదన్న భావం ఏర్పడింది. చిన్నపిల్లల విషయంలో సుమారు 1 గ్రాము కర్పూరం కడుపులోకి వెళ్ళినా మూర్ఛలు వచ్చి ప్రాణాపాయం కలగవచ్చు. హారతి బిళ్ళ బరువును బట్టి ఒకటి రెండు బిళ్ళలే అంతకు సరిపోవచ్చు. కొబ్బరినూనెలో కర్పూరం కరిగించి పసిబిడ్డ ఛాతీకి, ముక్కుకు రాసే అలవాటును ఈ వెలుగులో పునరాలోచించుకోవాలి.

5. ఎలకుర్రు నుంచి అమృతాంజనం వరకు

గృహవైద్యానికి సీసా రూపం ఇచ్చినవాడు ఈ ప్రాంతీయుడే కావడం విశేషం. గుడివాడకు చేరువలోని ఎలకుర్రుతో అనుబంధం గల కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు (1867-1938) 1893లో బొంబాయిలో అమృతాంజనాన్ని ప్రారంభించాడు. ఆ రాబడి 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రిక వారపత్రికకు, 1914లో మద్రాసులో దినపత్రికకు ఆధారమైంది. తెలుగు పత్రికారంగ చరిత్రలో, గ్రంథప్రచురణ చరిత్రలో తలనొప్పి మందుకు ఇంతటి స్థానం ఉండడం అరుదైన విషయం. పత్రిక మందును ప్రకటించింది. మందు పత్రికను పోషించింది. ఈ పరస్పర పోషణలో పైపూత మందు తెలుగు ఇంటి పెట్టెలో ఒక స్థిరవస్తువుగా మారింది.

అదే కాలంలో దేశీయ వైద్యం జాతీయోద్యమంతో ముడిపడింది. మచిలీపట్నంలో జన్మించిన దీవి గోపాలాచార్యులు మద్రాసులో ఆయుర్వేద పునరుద్ధరణకు కృషిచేశాడు. ఆధునిక వైద్యం చదివిన భోగరాజు పట్టాభిసీతారామయ్య బందరులో వైద్యవృత్తి చేసి, తరువాత ఉద్యమంలోకి వెళ్ళాడు. 1921లో మద్రాసు ప్రభుత్వం నియమించిన ఉస్మాన్ సంఘం 1923లో దేశీయ వైద్యాలపై నివేదిక ఇచ్చింది. 1925లో మద్రాసులో దేశీయ వైద్య పాఠశాల ఏర్పడింది. ఈ చర్చలన్నీ వైద్యుల అర్హత గురించి, పద్ధతుల శాస్త్రీయత గురించి నడిచాయి. పాలకుల వైద్యమా, మన వైద్యమా అన్న పెద్ద ప్రశ్న ముందు, వంటింట్లో నాయనమ్మ వేసే చుక్కకు మోతాదు ఎంత అన్న చిన్న ప్రశ్న వెనుకబడింది.

పైపూత మందుల్లో సాధారణంగా ఉండే కర్పూరం, మెంథాల్, నీలగిరి తైలం, వింటర్‌గ్రీన్ తైలం పెద్దల చర్మంపై వాడినప్పుడు చాలావరకు నిరపాయమైనవే. రెండేళ్ళలోపు పిల్లల ముక్కు దగ్గర రాస్తే ఊపిరి ఇబ్బంది కలగవచ్చు. కడుపులోకి వెళ్తే పరిస్థితి వేరు. వింటర్‌గ్రీన్ తైలం ఒక చెంచా, అంటే 5 మిల్లీలీటర్లు, సుమారు 7 గ్రాముల ఆస్పిరిన్‌కు సమానం. పెద్దలు వేసుకొనే మామూలు ఆస్పిరిన్ బిళ్ళలు ఇరవైకి పైగా అన్నమాట. నీలగిరి తైలం కొద్ది మిల్లీలీటర్లు మింగినా పిల్లలు మగతలోకి, మూర్ఛలోకి వెళ్ళవచ్చు. ఈ సీసాలు పిల్లల చేతికి అందని ఎత్తులో ఉండాలన్నది ఇంటిల్లిపాదీ పాటించవలసిన మొదటి నియమం.

6. కాలువ నీరు, దివిసీమ దూరం

1855లో విజయవాడ వద్ద కృష్ణపై ఆనకట్ట పూర్తయిన తరువాత కాలువలు డెల్టా జీవనాన్ని మార్చివేశాయి. పంట పెరిగింది, ఊరి చెరువు కాలువ నీటితో నిండింది. పిల్లలు ఈత నేర్చింది కాలువల్లోనే. చెవిలో నీరు నిలిచి బయటి చెవి వాచి నొప్పి పుట్టడం, ముందే చిల్లు ఉన్న చెవిలోకి మురికి నీరు చేరి చీము పట్టడం ఇటువంటి నేలలో ఊహించదగిన ఇబ్బందులు. తడిసిన చెవికి కావలసింది ఆరడం. మనవారు దానికి నూనె పోశారు. కోడి ఈకతోనో, పిన్నీసుతోనో గెలికారు. నూనె తేమను లోపలే పట్టి ఉంచుతుంది. ఈక, పిన్నీసు చర్మాన్ని గీరి సూక్ష్మజీవులకు దారి ఇస్తాయి.

దివిసీమకు మరొక నేపథ్యం ఉంది. కృష్ణ పాయల మధ్య, సముద్రానికి ఆనుకొని ఉన్న అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు ప్రాంతాల లంక గ్రామాలకు ఆసుపత్రి అంటే పడవ, బండి, రోజంతా ప్రయాణం. 1864 నవంబరు 1 నాటి తుపాను మచిలీపట్నం ప్రాంతంలో సుమారు 30,000 మందిని బలిగొంది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమలో వేలాది ప్రాణాలు తీసింది. దారులు తెగిపోయే ఇటువంటి నేలమీద ఇంట్లో ఉన్నదే మందు. గృహవైద్యాన్ని విమర్శించేవారు ఈ దూరాన్ని లెక్కలోకి తీసుకోవాలి. దూరం తగ్గిన తరువాత కూడా అలవాటు తగ్గకపోవడమే నేటి సమస్య.

7. భద్రత: ఏది నిలవాలి, ఏది తొలగాలి

చారిత్రకంగా వచ్చిన ఈ ఆచారాలను నేటి వైద్యజ్ఞానంతో పోల్చి చూస్తే అవి మూడు తరగతులుగా కనిపిస్తాయి.

మొదటిది, నిరపాయమైనవి. మిరియాల చారు, పలుచని అల్లం కషాయం, తులసి నీరు, పెద్దల్లో ఉప్పునీటి పుక్కిలింత గొంతుకు హాయినిస్తాయి. ఏడాది దాటిన పిల్లలకు పడుకొనే ముందు చెంచాడు తేనె దగ్గును తగ్గిస్తుంది. చెవిపోటుకు వెలుపలినుంచి పొడిగుడ్డతో పెట్టే గోరువెచ్చని కాపడం మన సంప్రదాయంలోనే ఉన్న మంచి ఉపాయం. నూనె చుక్క చేయగల ఉపశమనాన్ని అది చెవిలో ఏమీ పోయకుండానే ఇస్తుంది.

రెండవది, షరతులు కోరేవి. ఆవిరి పట్టడం పెద్దలకు సుఖమే. పిల్లలున్న ఇంట్లో మరిగే నీటి గిన్నె ఒరిగి ఒళ్ళు కాలే ప్రమాదం ఉంది. సాంబ్రాణి వాసన మంగళకరమే. మూసిన గదిలో పొగ పసిబిడ్డ శ్వాసనాళాలను రేపుతుంది. ఉగ్గు పట్టేటప్పుడు బిడ్డను వెల్లకిలా పడుకోబెడితే పాలు గొంతు వెనుకకు చేరి పొరమారవచ్చు, చెవి గొట్టం వైపు పోవచ్చు. తల కొంచెం ఎత్తి పట్టాలి. చెవిలో చీము, చిల్లు లేవని వైద్యుడు చూసి నిర్ధారించినప్పుడు గులిమి మెత్తబడడానికి నూనె చుక్క వేయవచ్చు. అది ఒంటి వేడికి మించకూడదు. మరీ వేడిదైనా, చల్లనిదైనా తల తిరుగుతుంది.

మూడవది, విడిచిపెట్టవలసినవి. కారుతున్న చెవిలో నూనె, పసరు, చనుబాలు పోయడం, వెల్లుల్లి రేకును చెవిలో దూర్చడం, ఉమ్మెత్త ఆకు రసం వాడడం, కర్పూరం మింగించడం, ఏడాదిలోపు బిడ్డకు తేనె నాకించడం ఈ కోవలోనివి. తేనెలో ఉండగల బీజాలు పసిబిడ్డ పేగుల్లో విషాన్ని పుట్టించగలవని 1976లో వైద్యలోకం గుర్తించింది. ఆ సంగతి మన పూర్వులకు తెలిసే అవకాశం లేదు, మనకు ఉంది.

వస విషయం తెలుగువారికి ప్రత్యేకం. బిడ్డకు మాటలు త్వరగా రావాలని వసకొమ్ము అరగదీసి నాకించడం ఆచారం. అదేపనిగా మాట్లాడేవారిని 'వసపిట్ట' అనడం అందులోంచే వచ్చింది. వసలోని బీటా-అసరోన్ అనే ద్రవ్యం ప్రయోగశాల జంతువుల్లో కణితులకు కారణమైందన్న ఆధారంతో అమెరికా 1968లో దాన్ని ఆహారంలో నిషేధించింది. ఇక్కడ ఒక విషాద వైచిత్రి ఉంది. మాట కోసం వస నాకించిన చేతులే, కారే చెవిలో నూనె పోసి, మాటకు మూలమైన వినికిడిని ప్రమాదంలో పెట్టాయి.

దీనినిబట్టి దుకాణపు మందు నిరపాయమన్న నిర్ణయానికి రాకూడదు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో డైఇథిలీన్ గ్లైకాల్ కలిసిన దగ్గుమందు తాగి పలువురు పసిపిల్లలు మరణించారు. ఆ సందర్భంలో రెండేళ్ళలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వవద్దని కేంద్ర ఆరోగ్యశాఖ సూచించింది. సీసాలో ఉన్నా, పోపులపెట్టెలో ఉన్నా మందుకు వేయవలసిన ప్రశ్న ఒక్కటే: ఎవరికి, ఎంత, ఎప్పుడు వద్దు?

చెవుడును నయం చేస్తామనే ప్రకటనలను 1954 నాటి మందులు, మాయ చికిత్సల చట్టం నిషేధించింది. 2007లో కేంద్రం చెవుడు నివారణకు జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించింది. చట్టమూ, కార్యక్రమమూ ఇంటి గడప దాకా వస్తాయి. గడప దాటి వంటింట్లోకి పోవలసినది మాట మాత్రమే. చెవి కారినా, చెవి వెనుక వాచినా, జ్వరం రెండు రోజులు దాటినా, తల తిరిగినా, మూతి వంకర పోయినా, ఆరు నెలల్లోపు బిడ్డ చెవి పట్టుకొని ఏడ్చినా - నూనె గిన్నె పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్ళాలన్న ఆ మాట తెలుగులో, నాయనమ్మకు నచ్చే విధంగా చెప్పవలసి ఉంది.

8. ఉపసంహారం

దిగువ కృష్ణా డెల్టా గృహవైద్యం స్థిరమైన సంప్రదాయం కాదు. సుశ్రుతుని విభజన, బందరు ఓడల సరకు, వస్తుగుణ గ్రంథాల అచ్చు, పంతులుగారి సీసా కాలక్రమంలో కలిసి దాన్ని రూపొందించాయి. ప్రతి తరమూ దానికి ఏదో చేర్చింది. మారుతూ వచ్చినదాన్ని మార్చడం దానిపట్ల అగౌరవం కాదు. పోగొట్టుకున్న మోతాదు, వయస్సు, నిషేధం అనే మూడు నియమాలను తిరిగి చేర్చడం ఈ తరం వంతు. కాపడం మూట ఉంచుకొని, కారే చెవిలో నూనె చుక్కను మానుకొన్న ఇల్లు తన నాయనమ్మను కాదన్నట్లు కాదు. బిడ్డ బాధ తీరాలన్న ఆమె ఆరాటాన్ని నేటి తెలివితో కొనసాగించినట్లు.